ఇనుము మోసిన సంచులు

భువనగిరి బండ దగ్గర క్లైంబింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు కాస్త చెయ్యి తిరగ్గానే అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, ఏ బ్యాగు కొనుక్కోమంటారు?" కొట్లో అడిగితే లీటర్ల లెక్క చెబుతారు, నలభయ్యా యాభయ్యా అని. నేను "అందులో ఏం వేసుకుంటావురా?" అని ఎదురడుగుతాను. బండలెక్కేవాళ్ల సంచి వందేళ్లలో ఎన్నోసార్లు రూపు మార్చుకుంది. ప్రతిసారీ ముందు మారింది లోపలి సామానే. ఆ కథ తెలిస్తే కొట్లో నిలబడ్డప్పుడు సగం తికమక పోతుందని నా నమ్మకం.

మొదట్లో ఆల్ప్స్ ఎక్కినవాళ్ల దగ్గర పెద్దగా సామానుండేది కాదు. జనపనార తాడు, మంచుగొడ్డలి, రొట్టె, ఓ ఉన్ని చొక్కా. వాటికి మూతి దగ్గర నాడా, వెనక రెండు తోలు పట్టీలున్న కాన్వాసు సంచి సరిపోయింది. 1910 ప్రాంతంలో టిరోల్, మ్యూనిక్ కుర్రాళ్లు ఇనుముతో వచ్చారు. బండ చీలికలో దిగగొట్టే మేకుకు తలలోనే కన్నం ఉండేలా హాన్స్ ఫీక్టల్ ఒకే ముక్కలో చేయించాడు. మ్యూనిక్ అగ్నిమాపక సిబ్బంది వాడే కొక్కేన్ని చూసి ఒట్టో హెర్జోగ్ దాన్ని మేకుకీ తాడుకీ మధ్య తగిలించాడు. మనం కారబినర్ అంటున్నది దాని వారసుణ్నే. మెత్తటి సంచిలో ఇనుము పడితే ఏమవుతుందో మోసినవాళ్లకు తెలుసు. అడుక్కి జారిపోతుంది, అడుగేసినప్పుడల్లా నడుం మీద కొడుతుంది, భుజాలను వెనక్కి గుంజుతుంది. నార్వేలో ఓలే బెర్గన్ 1909లో వీపు వంపుకు తగ్గ చట్రానికి పేటెంట్ తీసుకున్నాడు. వేటగాళ్లకూ మంచు మీద నడిచేవాళ్లకూ అది వరమే అయింది. బండకు వేలాడేవాడికి మాత్రం పొడుచుకొచ్చే చట్రం అడ్డమే.

అసలు మలుపు కాలిఫోర్నియాలో, యోసెమిటీ లోయలో వచ్చింది. జాన్ సాలతే స్విట్జర్లాండ్‌లో పుట్టిన కమ్మరి, కొలిమి శాన్ మాటియోలో. యూరప్ నుంచి వచ్చిన మెత్తని మేకులు యోసెమిటీ గ్రానైట్‌లో వంగిపోతుంటే, పాత ఫోర్డ్ కారు ఇరుసు ఉక్కుతో తానే మేకులు సాగగొట్టాడు. 1947లో ఆంటన్ నెల్సన్‌తో కలిసి లాస్ట్ యారో శిఖరం ఎక్కింది వాటితోనే. గట్టి మేకుతో ఓ లాభముంది: వెనకాల వచ్చేవాడు ఊడబెరికి తెస్తే మళ్లీ కొట్టుకోవచ్చు. అంటే మళ్లీ మోయాలి కూడా. పదేళ్ల తర్వాత, 1957లో, ఇవాన్ షునార్డ్ అనే కుర్రాడు పాత కొలిమి, దాగలి కొనుక్కుని కమ్మరం నేర్చుకున్నాడు. క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో మేకులు చేసి, కారు వెనక పెట్టుకుని ఒక్కొక్కటి డాలరున్నరకు అమ్మాడు.

1958 నవంబరు 12న వారెన్ హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్ అదే లోయలోని ఎల్ కాపిటాన్ మీద 'నోస్' దారిని పూర్తిచేశారు. దాదాపు మూడు వేల అడుగుల నిలువు గోడ. దాదాపు ఏడాదిన్నరలో విడతలు విడతలుగా సుమారు 45 రోజులు పట్టింది. అంత ఇనుమూ, నీళ్లూ, తిండీ వీపున మోస్తూ ఎక్కడం ఎవరి తరమూ కాదు. 1960ల మొదట్లో రాయల్ రాబిన్స్ పద్ధతే మార్చేశాడు. ముందు మనిషి ఎక్కుతాడు, పైన కప్పీ తగిలిస్తాడు, తాడును పట్టి ఉంచే జూమర్లతో తన ఒంటి బరువే వేసి సంచిని పైకి లాగుతాడు.

ఇక్కడ సంచి బతుకే మారిపోయింది. వీపున ఉండాల్సింది బండను ఒరుసుకుంటూ వందల అడుగులు పాకాలి. మొదట్లో సైన్యం వదిలేసిన గోతాం లాంటి కాన్వాసు సంచులు వాడారు. ఆ గ్రానైట్ ఉప్పుకాగితమే. పక్క జేబు ఉంటే చిరిగింది, బకిల్ ఉంటే విరిగింది. పొడుచుకొచ్చిన ప్రతిదీ పోగా చివరికి మిగిలింది నున్నటి గొట్టం. జేబుల్లేవు, పట్టీలు లోపలికి మడిచేసుకోవచ్చు. కాన్వాసు పోయి లారీల మీద కప్పే టార్పాలిన్ రకం గుడ్డ వచ్చింది. ఇలా పైకి లాగే సంచిని హాల్ బ్యాగు అంటాం, ఇప్పటికీ అది అలాగే ఉంటుంది. చూపుకు ఏమాత్రం బాగుండదు. నాకు మాత్రం సంచులన్నిట్లోకీ అదే నిజాయితీగా కనిపిస్తుంది, ఏది అనవసరమో బండే తేల్చింది గనక.

అదే కాలిఫోర్నియాలో మరోచోట డిక్ కెల్టీకి నడక దారిలో ఓ సంగతి తట్టింది. 1951లో స్నేహితుడితో సియెరా కొండల్లో నడుస్తూ, సంచి చట్రం అడుగు కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దోపుకుని చూశారు. బరువు భుజాల మీంచి దిగి నడుం మీద కూర్చుంది. మరుసటి ఏడు గ్లెండేల్‌లోని ఇంట్లోనే వ్యాపారం మొదలైంది. అల్యూమినియం చట్రాలు ఆయన చేస్తే సంచులు భార్య నీనా కుట్టింది. ఈ రోజు మనం బిగించే నడుం పట్టీకి చాలావరకు ఆ జేబులే మూలం. అయితే కెల్టీ చట్రం తలకంటే ఎత్తు. పైనున్న పట్టు కోసం తలెత్తిన క్లైంబర్‌కు అది వెనక నుంచి తగులుతుంది. ఈ చిక్కు విప్పింది గ్రెగ్ లో అనే క్లైంబర్. 1967లో చట్రాన్ని సంచి లోపలికి తోసేశాడు, పక్కల నుంచి బిగించే పట్టీలు పెట్టాడు. ఇంగ్లండులో కారిమోర్ సంస్థ క్లైంబర్ డాన్ విలన్స్ పేరుతో తెచ్చిన సంచి కూడా ఈ అవసరంలోంచి పుట్టిందే: సన్నగా, వీపును కరుచుకుని, చేతులాడటానికి చోటిస్తూ.

తర్వాత ఇనుమే తగ్గిపోయింది. వేల్స్‌లో క్లైంబర్లు స్నోడన్ రైలు పట్టాల పక్కన దొరికిన నట్లను దారానికి గుచ్చి చీలికల్లో ఇరికించేవారు. సుత్తి అక్కర్లేదు, బండకు గాయం కాదు. తన మేకులే యోసెమిటీ చీలికల్ని చెక్కేస్తున్నాయని గ్రహించిన షునార్డ్, 1972 కేటలాగులో మేకుల బదులు అల్యూమినియం నట్లు వాడమన్నాడు. బాగా అమ్ముడుపోతున్న సొంత సరుకునే వద్దన్న ఆ మనిషంటే నాకు గొప్ప గౌరవం. 1978లో చీలికలో విచ్చుకుని పట్టుకునే రే జార్డిన్ 'ఫ్రెండ్స్' బజారుకొచ్చాయి. స్ప్రింగు, సన్నటి తీగలు ఉండే ఈ సామాను మేకుల్లా కుప్పగా పోస్తే తీగలు వంగుతాయి, ఒకదానికొకటి చిక్కుకుంటాయి. అందుకే నిలువునా జిప్పుతో తెరుచుకునే సంచులు, లోపల వరసగా తగిలించుకునే ఉచ్చులు వచ్చాయి. 1990లలో పొట్టి బండలెక్కే బౌల్డరింగ్ చేసేవాళ్లు తాడు కూడా వదిలేసి, పడితే దెబ్బ తగలకుండా పరుపు మోయడం మొదలెట్టారు. దాన్ని రెండుగా మడిచి పట్టీలు కుడితే పరుపే సంచి. హంపీకి అవతలి ఒడ్డున చలికాలం పొద్దున్నే చూడండి, చదరపు పరుపులకు కాళ్లొచ్చి అరటి తోటల మధ్య నడిచిపోతున్నట్టుంటుంది.

ఇక మా భువనగిరి సంగతి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ శిక్షణ మొదలెట్టింది ఈ బండ మీదే. ఇక్కడ చీలికలు తక్కువ, నున్నటి వాలు ఎక్కువ. మేం పైన కట్టిన తాడు మీదే నేర్పుతాం. కాబట్టి సంచిలో పడేది ఒక తాడు, టేపు స్లింగులు, లాక్ ఉన్న కారబినర్లు, హార్నెస్, బూట్లు, హెల్మెట్, రెండు సీసాల నీళ్లు. 'ఫ్రెండ్స్' లేనప్పుడు లోపల వరస ఉచ్చులెందుకు? అరవై మీటర్ల తాడే దగ్గర దగ్గర నాలుగు కిలోలుంటుంది. దాన్ని అడుగున వేస్తే సంచి వెనక్కి లాగుతుంది. వీపుకు ఆనించి పైకంటా నిలబెడితే బరువు నడుం మీదకు దిగుతుంది. కారబినర్లన్నీ ఒక స్లింగుకు గుచ్చి తాడు పక్కన పెట్టాలి. బూట్లు మూత కింద ఉండాలి, ఎండకు రబ్బరు మెత్తబడుతుంది. జిప్పు సంచి నాకు ఇష్టమే కానీ, ఇక్కడి గ్రానైట్ గరుకు ఇసుక దాని పళ్లలో దూరి రెండు మూడు సీజన్లకే మొండికేయిస్తుంది. పై నుంచి నాడాతో బిగించేది, ముప్పై అయిదు నలభై లీటర్లది, పక్క జేబులు లేనిది చాలు.

లీటర్ల కంటే ముందు ఒకటి చూడమంటాను. భుజం పట్టీ సంచిలో కలిసేచోటు తిరగేసి చూడు. కుట్టు ఒకే వరసలో ఉంటే వద్దు. ముందుకీ వెనక్కీ దట్టంగా అడ్డకుట్టు వేసి ఉండాలి. లోపలి వైపు ఇంకో గుడ్డ పొర పెట్టారో లేదో వేలితో తడిమి చూసుకో. ఆ తర్వాత నీ తాడు తీసుకుని కొట్టుకు వెళ్లి, అందులో వేసి, భుజాన తగిలించుకుని మెట్లెక్కి దిగు. కొట్టువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీ.