చుక్కల ముగ్గు

చుక్కల ముగ్గు అనగా వాకిట నేలపై పిండితో చుక్కలు పెట్టి, వాటిని గీతలతో కలిపి గాని, వాటి చుట్టూ గీతలను మెలితిప్పి గాని తీర్చే చిత్రం. ముగ్గును సంస్కృతంలో రంగవల్లి అంటారు. వాత్స్యాయనుని కామసూత్రాలలో పేర్కొన్న 64 కళలలో బియ్యంతోను, పూలతోను ఆకృతులు తీర్చడం ఒకటి. ముగ్గును పోలిన కళలను తమిళనాడులో కోలం అని, బెంగాలులో అల్పన అని, రాజస్థాన్‌లో మాండన అని పిలుస్తారు.

వేసే విధానం

తెల్లవారుజామున వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, తడి పూర్తిగా ఆరకముందే ముగ్గు వేస్తారు. పిండిని బొటనవ్రేలు, చూపుడువ్రేలు నడుమ పట్టి సన్నని ధారగా జారవిడుస్తారు. పూర్వం బియ్యపుపిండి వాడేవారు. అది చీమలకు, పిచ్చుకలకు ఆహారమయ్యేది. తరువాత ముగ్గురాతి పొడి వాడకం పెరిగింది. ధనుర్మాసం నెలంతా పెద్ద ముగ్గులు వేసి గొబ్బెమ్మలను పెడతారు. సంక్రాంతి పండుగ చివరలో రథం ముగ్గు వేసి, దాని తాడును పొరుగింటి ముగ్గుతో కలుపుతారు.

చుక్కల లెక్క

చుక్కలను రెండు విధాలుగా పెడతారు. పై వరుస చుక్కకు సూటిగా క్రింది చుక్క వస్తే ఎదురు చుక్క, రెండు చుక్కల నడుమ వస్తే సందు చుక్క. "సందు చుక్క, 7 నుండి 4 వరకు" అంటే మధ్య వరుసలో 7 చుక్కలు పెట్టి, ఇరువైపులా 6, 5, 4 చొప్పున తగ్గించడం. మొత్తం 37 చుక్కలు. అదే 15 నుండి 8 వరకు అయితే 169 చుక్కలు. ఈ ఒక్క వాక్యంతోనే ముగ్గు ఒక ఊరినుండి మరొక ఊరికి చేరుతుంది.

ముగ్గులో దాగిన గణితం

మెలికల ముగ్గులో ఒక విచిత్రం ఉన్నది. దీర్ఘచతురస్రాకారంగా ఎదురు చుక్కలు పెట్టి, ప్రక్కప్రక్కనున్న ప్రతి రెండు చుక్కల నడుమ గీతలు ఒకదానినొకటి ఏటవాలుగా దాటేటట్లు మెలిక వేస్తే, 3 వరుసలు, వరుసకు 4 చుక్కల ముగ్గు చేయి ఎత్తకుండా ఒకే గీతతో పూర్తవుతుంది. 3 వరుసలు, 3 చుక్కలయితే మూడు విడి గీతలు, 4 వరుసలు, 6 చుక్కలయితే రెండు గీతలు కావాలి. అంటే గీతల సంఖ్య ఆ రెండు అంకెల గ.సా.భా.కు సమానం. ఆఫ్రికాలోని అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో గీసే సోనా చిత్రాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆ చిత్రాలను గణిత శాస్త్రవేత్త పౌలస్ గెర్డెస్ విస్తారంగా పరిశోధించాడు. 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, కమలా కృతివాసన్ కోలాల నిర్మాణాన్ని కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణ నియమాలతో వివరిస్తూ పరిశోధనా పత్రం ప్రచురించారు. బడి ముఖం చూడని గృహిణులు కూడా ఈ లెక్కను తల్లుల వద్ద, వ్రేళ్ళతోనే నేర్చుకున్నారు.

ముగ్గు - సంతోషం

ఇంట మరణం సంభవిస్తే మైల తీరేవరకు ముగ్గు వేయరు. కనుక వాకిట ముగ్గు ఉన్నదంటే ఆ ఇల్లు క్షేమంగా ఉన్నదని వీధిన పోయేవారికి తెలుస్తుంది. ముగ్గుపై వేసినవారి పేరుండదు, దానికి వెల ఉండదు. మధ్యాహ్నానికి రాకపోకలతో చెరిగిపోతుంది. మరునాటి ఉదయం మరల వేస్తారు. దాచుకోవడానికి ఏమీ మిగలని ఈ కళలో సంతోషమంతా వేసే ఆ కొద్దిసేపటిలోనే ఉంటుంది.

మారుతున్న ఆచారం

నగరాలలోని బహుళ అంతస్తుల భవనాలలో వాకిలి గుమ్మం ముందరి రెండు మూడడుగుల స్థలానికి కుదించుకుపోయింది. రంగుతో వేసిన శాశ్వత ముగ్గులు, అంటించే ముగ్గులు వచ్చాయి. ఇవి చెరగవు గనుక రోజూ వేయనక్కరలేదు. వేయనందున చుక్కల లెక్క తరువాతి తరానికి అందడం తగ్గుతున్నది. పాత తరం స్త్రీలు చుక్కలతో సహా ముగ్గులు గీసి దాచుకున్న నోటుపుస్తకాలు అందువల్ల భద్రపరచదగినవి.

ఇవి కూడా చూడండి

సంక్రాంతి
గొబ్బెమ్మ
ధనుర్మాసం