అన్‌సీజన్‌లో పుట్టిన విహారనౌక

ఆవిరి ఓడలు వచ్చిన కొత్తలో సరదా కోసం సముద్రం మీదికి వెళ్లేవాళ్లు అరుదు. ఉద్యోగం మీద పరాయి దేశం పోయేవాళ్లు, పొట్ట చేతపట్టుకుని వలస పోయేవాళ్లు, సైనికులు, వర్తకులు, వాళ్లతో పాటు టపా సంచులు, ఓడ నిండా ఇవే ఉండేవి. ఎప్పుడు గట్టు చేరతామా అని రోజులు లెక్కపెట్టుకోవడంతోనే ప్రయాణం గడిచిపోయేది. ఎక్కిన రేవుకే తిరిగి రావడానికి డబ్బు పెట్టి ఓడ ఎక్కమనడం ఆ తర్వాత వచ్చిన ఆలోచన. గదులు ఖాళీగా పోతున్నాయని దిగులుపడిన కంపెనీల బుర్రలో అది పుట్టింది.

బ్రిటన్‌కు చెందిన పి అండ్ ఓ కంపెనీ 1837లో స్పెయిన్, పోర్చుగల్ రేవులకు టపా మోసే కాంట్రాక్టు సంపాదించి, తర్వాత ఈజిప్టుకు, ఇండియాకు విస్తరించింది. టపాకు ప్రభుత్వమిచ్చే సొమ్ము ఖాయం, ప్రయాణికులు వస్తారన్నది మాత్రం ఖాయం కాదు. అందుకే 1844లో నవలాకారుడు థాకరేకు మధ్యధరా సముద్రం చుట్టి రమ్మని ఉచితంగా టికెట్టు ఇచ్చింది. కలకత్తాలో పుట్టిన ఈ రచయిత రెండేళ్లకు ఆ యాత్ర మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఇప్పుడు ట్రావెల్ వీడియోలు తీసేవాళ్లను కంపెనీలు ఓడల్లో ఊరికే తిప్పడానికి ఇదే తొలి నమూనా అనుకోవచ్చు.

అమెరికాలో ఇలాంటి ప్రయత్నం 1867లో జరిగింది. న్యూయార్క్ నుంచి బయలుదేరిన క్వేకర్ సిటీ అనే ఓడ యూరప్, పాలస్తీనా చూపించి వెనక్కి తెచ్చే ఏర్పాటు అది. మనిషికి 1,250 డాలర్లు. ప్రయాణికుల్లో ఒకడైన రచయిత మార్క్ ట్వేన్ ఛార్జీని ఒక కాలిఫోర్నియా పత్రిక భరించింది. అది మధ్యధరా రేవులన్నీ కలరా భయంతో వణుకుతున్న కాలం. ఏథెన్స్ రేవు పిరేయస్ చేరేసరికి పదకొండు రోజుల క్వారంటైన్ అన్నారు. అన్ని రోజులు ఆగే వీలు లేదు. ట్వేన్, మరో ముగ్గురు రాత్రివేళ దొంగచాటుగా పడవలో ఒడ్డుకు చేరి, వెన్నెల్లో అక్రోపోలిస్ చూసి తెల్లవారకముందే ఓడెక్కేశారు. ఈ ఘనకార్యాన్ని ట్వేనే తన పుస్తకంలో రాసుకున్నాడు. విహారనౌకకూ అంటురోగానికీ ఉన్న చుట్టరికం అంత పాతది.

దీన్ని నిలకడైన వ్యాపారంగా మార్చిన పేర్లలో ముందు చెప్పుకోవలసింది హాంబర్గ్‌కు చెందిన ఆల్బర్ట్ బాలిన్‌ది. హాంబర్గ్–అమెరికా లైన్‌లో ప్రయాణికుల వ్యవహారాలు చూసే బాలిన్‌కు ప్రతి ఏటా ఒకటే తలనొప్పి. చలికాలంలో ఉత్తర అట్లాంటిక్ అల్లకల్లోలంగా ఉంటుంది, జనం రారు, కోట్లు పోసి కట్టిన ఓడలు రేవులో ఊరికే పడి ఉంటాయి. 1891 జనవరి 22న ఆగస్టా విక్టోరియా అనే ఓడను 241 మందితో కుక్స్‌హాఫెన్ రేవు నుంచి మధ్యధరా యాత్రకు పంపాడు. భార్యతో సహా తానూ ఎక్కాడు. రెండు నెలలకు ఓడ తిరిగొచ్చేసరికి, అన్‌సీజన్‌ను అమ్ముకోవచ్చని తేలిపోయింది. నిజానికి 1889లోనే ఓరియెంట్ లైన్ రెండు ఓడలను నార్వే తీరానికి తిప్పింది. అయినా పేరు బాలిన్‌కే దక్కింది. ఎందుకంటే అతను అక్కడితో ఆగలేదు.

అట్లాంటిక్ ఓడ చలికి కట్టిన ఓడ. వలసదారులను కుక్కే అరలతో దాని కడుపు నిండి ఉంటుంది, ఎండలో కూర్చోవడానికి పై అంతస్తులో చోటు తక్కువ. అందుకని విహారానికే ఒక ఓడ కట్టించాడు బాలిన్. ప్రిన్సెస్సిన్ విక్టోరియా లూయీజె 1900లో నీళ్లలోకి దిగింది. నూట ఇరవై కేబిన్లూ మొదటి తరగతివే. గ్రంథాలయం, వ్యాయామశాల, ఆ రోజుల్లో కొత్త మోజైన ఫోటోలు కడుక్కోవడానికి చీకటి గది కూడా ఉన్నాయి. 1906 డిసెంబరులో జమైకా తీరంలో దీపస్తంభాన్ని పోల్చుకోవడంలో పొరపడి కెప్టెన్ దాన్ని రాళ్ల మీదికి ఎక్కించాడు. ప్రయాణికులందరూ క్షేమంగా దిగారు. కెప్టెన్ తన గదిలోకి వెళ్లి తుపాకీతో కాల్చుకున్నాడు.

మొదటి తరగతి వాళ్ల సుఖాలు ఇలా పెరుగుతుంటే, ఆరోగ్య నిబంధనల బరువంతా అడుగు తరగతి మీద పడింది. 1892లో హాంబర్గ్‌లో కలరా చెలరేగి ఎనిమిది వేలకు పైగా చనిపోయారు. ఎల్బే నది నీటిని వడగట్టకుండా ఊరికి సరఫరా చేయడమే అసలు కారణం. కానీ నింద తూర్పు యూరప్ నుంచి వచ్చే వలసదారుల మీదికి పోయింది. హాంబర్గ్ ఓడలను న్యూయార్క్ రేవు బయటే ఆపేశారు. బాలిన్ కంపెనీ 1901లో ఊరి బయట వలసదారుల కోసం ప్రత్యేకంగా శిబిరం కట్టి, స్నానం, బట్టలకు మందు ఆవిరి, డాక్టరు పరీక్ష అన్నీ అయ్యాకే ఓడ ఎక్కించింది. న్యూయార్క్ చేరాక కూడా మొదటి, రెండో తరగతుల వాళ్లను ఓడలోనే పైపైన చూసి పంపేవారు. మూడో తరగతి వాళ్లు ఎల్లిస్ దీవిలో వరుస కట్టాలి. రోగం టికెట్టు ధర చూసి రాదని డాక్టర్లకు తెలియనిది కాదు.

బంగాళాఖాతంలోనూ ఇదే కథ. కాకినాడ, విశాఖపట్నం లాంటి రేవుల నుంచి వేలాది తెలుగు కూలీలు రంగూన్‌కు, అప్పటి మాటల్లో రంగానికి, వెళ్లింది ఎక్కువగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లోనే. వాళ్లది డెక్ టికెట్టు. కేబిన్ ఉండదు, ఆరుబయట చాప పరుచుకున్నంత మేరే సొంతం. వానొస్తే తడవాలి, ఓడ ఊగితే మూటలతో పాటు దొర్లాలి. 1914లో ఆ కంపెనీ పి అండ్ ఓతో కలిసిపోయింది. ఆ పి అండ్ ఓ ఓడల డెక్కు మీద మాత్రం మొదటి తరగతి ప్రయాణికుడికి అద్దె కుర్చీ, కాళ్ల మీదికి కంబళి, పదకొండు గంటలకు వేడి సూపు కప్పు అందేవి.

ఓడ ఊపు మాత్రం తరగతులను పట్టించుకోలేదు. వికారానికి, వాంతులకు చిట్కాలే తప్ప నమ్మకమైన మందు చాలాకాలం లేదు. 1940ల చివర బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో దద్దుర్లకు కొత్త మందు పరీక్షిస్తుంటే, ఒక గర్భిణి ఒక వింత చెప్పింది. ఎప్పుడు ట్రామెక్కినా కడుపులో తిప్పేదట, ఆ మాత్ర వేసుకున్నప్పటి నుంచి లేదట. డాక్టర్లు గే, కార్లైనర్ 1948లో అట్లాంటిక్ దాటే సైనిక ఓడలో దాన్ని పరీక్షించి చూశారు, పనిచేసింది. అదే డ్రామమైన్. మన దగ్గర ఘాట్ రోడ్డు ఎక్కేముందు వేసుకునే అవోమిన్ కూడా ఆ జాతి మందే. దాదాపు అప్పుడే ఓడ పక్కల చేప రెక్కల్లా తెరుచుకుని ఊపును తగ్గించే స్టెబిలైజర్లు పెద్ద ఓడల్లోకి వచ్చాయి. వాటిని అమర్చిన తొలి పెద్ద ప్రయాణికుల ఓడ పి అండ్ ఓ వారి చూసాన్. అది 1950లో బొంబాయి మీదుగా తూర్పు దేశాలకు తిరగడం మొదలుపెట్టింది. విహారయాత్రను సామాన్యుడు తట్టుకోగలిగేలా చేసింది ఈ రెండేనని చెప్పడం అతిశయోక్తి కాదు. ఈతకొలనులు, నాట్యశాలలు ఆ తర్వాతి మాట.

అంతకుముందే 1920లలో అమెరికాలో మద్యనిషేధం వచ్చి విహారానికి ఇంకో కారణం దొరికింది. విదేశీ ఓడ ఎక్కి, తీరం హద్దు దాటేదాకా ఓపిక పడితే చాలు, బారు తెరుచుకునేది. ఎక్కడికీ వెళ్లకుండా సముద్రంలో తిరిగొచ్చే యాత్రలు కూడా అమ్ముడుపోయాయి.

1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ దాటడం మొదలయ్యాక పాత ఓడలకు అన్ని కాలాలూ అన్‌సీజనే అయ్యాయి. వారం పట్టే దూరం ఏడెనిమిది గంటలకు దిగింది. ఏం చేయాలో తోచని ఆ ఓడలనే చవగ్గా కొని కొత్త వ్యాపారం పెట్టినవాళ్లు మియామీలో చేరారు. వాళ్లలో ఒకడైన టెడ్ అరిసన్ 1966లో నార్వే యజమాని క్లోస్టర్‌తో కలిసి సన్‌వర్డ్ అనే ఓడను బహమాస్‌కు తిప్పాడు. తర్వాత విడిపోయి, 1972లో పాత కెనడా ఓడ ఒకదాన్ని కొని మార్డి గ్రా అని పేరు మార్చి కార్నివాల్ కంపెనీ మొదలుపెట్టాడు. తొలి ప్రయాణంలోనే అది మియామీ రేవు బయట ఇసుకలో కూరుకుపోయింది. వేగంగా పోవడానికి ఇంధనం చాలక, నెమ్మదిగా నడుపుతూ ఓడలోనే వినోదం పెంచారని, చివరికి అదే కంపెనీ బాణీ అయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. 1977లో మొదలైన లవ్ బోట్ టీవీ సీరియల్ మధ్యతరగతి అమెరికన్లకు ఓడ మీద ఆశ పుట్టించింది. 1988లో సావరిన్ ఆఫ్ ది సీస్ 73 వేల టన్నులతో రాగా, 2024 జనవరిలో బయలుదేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ దాదాపు రెండున్నర లక్షల టన్నులది. నిండితే ఏడువేల ఆరువందల మంది ప్రయాణికులు, వాళ్లకు సేవ చేయడానికి రెండువేల మూడువందలకు పైగా సిబ్బంది.

ఆ సిబ్బందికి జీతం ఎవరిస్తారన్న ప్రశ్న దగ్గర టిప్పుల చరిత్ర మొదలవుతుంది. పాత ఓడల్లో కేబిన్ చూసే స్టీవర్డు, భోజనాల బల్ల స్టీవర్డు, డెక్కు మీద కుర్చీ వేసే స్టీవర్డు, వేళకు తొట్టిలో వేడి సముద్రపు నీళ్లు నింపి తలుపు తట్టే స్నానాల స్టీవర్డు వేర్వేరు మనుషులు. కంపెనీ ఇచ్చే జీతం నామమాత్రం. ప్రయాణం ఆఖరు రాత్రి ఒక్కొక్కరి చేతిలో కవరు పెట్టాలి. ఎవరికెంతో ఆనాటి గైడు పుస్తకాలు వివరంగా చెప్పేవి. మియామీ కంపెనీలు ఈ ఆచారాన్ని అలాగే తీసుకున్నాయి. ఓడలు పనామా, లైబీరియా, బహమాస్ జెండాల కింద నమోదు కావడంతో అమెరికా కనీస వేతనం వాటికి వర్తించదు. పనివాళ్లు ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, ఇండియా నుంచి వస్తారు. గోవాలో ఓడ ఉద్యోగం లేని ఊరు అరుదు. అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం 2013లో అమల్లోకి వచ్చాక కూడా వారానికి 72 గంటల పని చట్టబద్ధమే.

కవరు పద్ధతి పోవడానికి కారణం దయ కాదు, భోజనాల వేళ. 2000 ప్రాంతంలో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ కంపెనీ ఎవరికి నచ్చినప్పుడు, నచ్చిన చోట తినవచ్చని ప్రకటించింది. వారమంతా ఒకే వెయిటర్ వడ్డించడం పోయాక కవరు ఎవరికివ్వాలి? దాంతో రోజుకింత అని బిల్లులోనే వేయడం మొదలైంది. ఇప్పుడు పెద్ద అమెరికన్ కంపెనీల్లో అది మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. నలుగురి కుటుంబం వారం తిరిగొస్తే ఐదువందల డాలర్ల మాట. పానీయాల మీద వేసేది అదనం. చాలా ఓడల్లో కౌంటరు దగ్గరికి వెళ్లి తగ్గించమని అడగవచ్చు, కానీ ఆ కోత పడేది గది ఊడ్చేవాడి సంపాదనలో. బ్రిటన్‌లోని పి అండ్ ఓ క్రూయిజెస్ 2019లో ఈ రోజువారీ వసూలును ఎత్తేసి టికెట్టులోనే కలిపింది. లెక్క అక్కడ దాగింది తప్ప పోలేదు.

ఆరోగ్యం విషయంలో ఆధునిక కట్టుబాట్లు 1970ల నాటివి. విహారనౌకల్లో వరసగా వాంతులు, విరేచనాలు ప్రబలడంతో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 1975లో ఓడల పారిశుధ్య తనిఖీలు పెట్టింది. చెప్పకుండా వచ్చి వంటగది, నీళ్ల ట్యాంకులు, ఈతకొలను చూస్తారు. నూటికి 86 రావాలి, తగ్గితే తప్పినట్టే. ఈ మధ్య ఎక్కువగా బాధించేది నోరోవైరస్. చేతులకు రాసుకునే శానిటైజర్ దాన్ని సరిగా చంపదు, సబ్బుతో నీళ్లతో కడుక్కోవడమే మేలు. అందుకే బఫే గుమ్మంలో ఇప్పుడు చేతులు కడిగే తొట్లు పెడుతున్నారు. రోగం మొదలైతే గరిటెలను ప్రయాణికుల చేతికి ఇవ్వకుండా సిబ్బందే వడ్డిస్తారు, జబ్బు పడ్డవాళ్లను కేబిన్ దాటనివ్వరు. 1994లో హొరైజన్ అనే ఓడలో వేడినీటి తొట్టె ద్వారా 50 మందికి లెజియోనెయిర్స్ న్యుమోనియా సోకింది. అప్పటి నుంచి ఆ తొట్ల నీటి మీద నిఘా పెరిగింది.

ఇన్ని ఏర్పాట్లున్నా 2020 ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ అనే విహారనౌక జపాన్‌లోని యొకొహామాలో ఆగిపోయింది. 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకింది. ప్రయాణికులను గదుల్లో ఉంచారు గానీ, వాళ్లకు అన్నం అందించే సిబ్బంది మాత్రం ఇరుకు గదుల్లో కలిసి పడుకుంటూ పనిచేస్తూనే ఉన్నారు. ఓడలో ఉన్న 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే.

ఇప్పుడు ఓడెక్కే తెలుగు కుటుంబాలకు పనికొచ్చే విషయాలు కొన్నే. ఓడలో డాక్టరు ఉంటాడు, ఫీజు ప్రైవేటు ఆసుపత్రి స్థాయిలో ఉంటుంది. సముద్రం మధ్య నుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఖర్చు ఇల్లు అమ్మేంత అవుతుంది కాబట్టి బీమా తప్పదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల రేవుల్లో దిగివచ్చే వాళ్లకు ఆ టీకా సర్టిఫికెట్టు లేకుంటే ఇండియాలో క్వారంటైన్ చేస్తారు. టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి.

విశాఖపట్నానికి ఈ వ్యాపారం 2022 జూన్‌లో వచ్చింది. కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ అనే ఓడను పుదుచ్చేరి, చెన్నై వైపు నడిపింది. ఆ ఓడ 1990లో ఫ్రాన్స్‌లో తయారై, రాయల్ కరీబియన్ తరఫున మూడు నాలుగు రోజుల చిన్న యాత్రలకు తిరిగింది. ఇక్కడ కూడా అలాంటి యాత్రలకే వాడుతున్నారు. వంటగదిలో శాకాహారం, జైన భోజనం చేరాయి. దాదాపు 96 కోట్లతో కట్టిన విశాఖ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. రెండువేల మంది ప్రయాణికుల ఓడ ఆగేందుకు సరిపడా బెర్తు, ఇమిగ్రేషన్, కస్టమ్స్ కౌంటర్లు అందులో ఉన్నాయి.