సైకిలు సవారి – దుస్తుల చరిత్రము



మా గ్రామమునుండి నేను పనిచేసిన ఉన్నత పాఠశాల నాలుగు మైళ్ల దూరము. ముప్పదియైదు సంవత్సరములు ఆ దారిని సైకిలుపై పోయి వచ్చితిని. తెలుగు పండితుడను గనుక పంచ కట్టుట మానలేదు. పంచకును సైకిలు గొలుసునకును పుట్టువైరము. గొలుసు కుడిప్రక్కన నుండును గావున కుడికాలి అంచే ముందుగా దానికి ఆహుతియగును. ఆ నూనెమసి వదలింపలేక మా ఇంటిలో వారు నన్నెన్ని మాటలనిరో! కడకు కుచ్చెళ్లెత్తి నడుమున దోపుకొని, చీలమండకు పైగా ఒక త్రాడు చుట్టుకొని పోవుట నేర్చితిని. పంట్లాము తొడుగువారు ఈ పనికే ఇనుప క్లిప్పు వాడుదురు. పురుషుల చిక్కు ఇట్లు మూరెడు త్రాటితో తీరినది. స్త్రీల చిక్కు అంత సులభముగా తీరలేదు. ఆ చరిత్రమునే ఈ పూట చెప్పదలచితిని.

1817లో జర్మనీ దేశీయుడు కార్ల్ డ్రైస్ చేసిన బండికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు పోవలసినదే. తరువాత వచ్చిన నిలువెత్తు ముందుచక్రపు బండ్లు సాహసికులైన యువకులకే తగియుండెను. 1885లో ఇంగ్లండునందలి కొవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ యనునతడు, గొలుసుతో వెనుకచక్రము త్రిప్పు 'రోవర్' బండిని సిద్ధపరచెను. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చెను. నేడు మనము త్రొక్కు సైకిలు దాని సంతతియే. దానిపై స్త్రీలును పనులకు పోదొడగిరి.

కాని అప్పటి ఆంగ్లస్త్రీల వేషమెట్టిది? నేలనంటు గౌను, దానిలోపల పొరలు పొరలుగా లంగాలు, నడుము బిగించి ఊపిరి సలుపనీయని కవచమువంటి రవిక. లండనులో 1881లో హేతుబద్ధమైన దుస్తులకై ఒక సంఘము పుట్టినది. స్త్రీ ధరించు లోదుస్తుల బరువు, చెప్పులుగాక, ఏడు పౌనులు, అనగా మూడు కిలోలకు పైచిలుకు, మించరాదని ఆ సంఘము నియమించెను. తగ్గించిన బరువే ఇంత యైనచో, తగ్గింపని బరువెంతయో మీరే ఊహింపుడు!

ఈ చిక్కును విప్పుటకు కొందరు బండినే మార్చిరి. నడిమి అడ్డుకమ్మిని క్రిందికి వంచిరి. వెనుకచక్రపు పుల్లలలో గౌను పడకుండ దారములతో వల అల్లిరి. గొలుసునకు రేకుతొడుగు వేసిరి. కొందరు బట్టను మార్చిరి. ఆలిస్ బైగ్రేవ్ అను దర్జీ స్త్రీ, త్రాడు లాగినంతనే గౌను తెరవలె పైకి లేచు ఉపాయమును కనిపెట్టి 1895లో పేటెంటు పొందినది. మిక్కిలి తెగువగలవారు వదులైన షరాయి తొడిగిరి. (ఉన్నిబట్టయే సైకిలుకు శ్రేష్ఠమని అప్పుడక్కడ ఒక వాదముండెను. ఆ చలిదేశమున చెల్లును గాని మన ఎండలలో వదులైన నూలుబట్టకు సాటిలేదు.)

ఆ షరాయికి జరిగిన మర్యాద వినుడు. పైన చెప్పిన సంఘమును స్థాపించిన లేడీ హార్బర్టన్ 1898 అక్టోబరులో షరాయి తొడిగి సైకిలుపై సర్రే జిల్లాలోని ఆకమ్ గ్రామమునకు పోయి, హాట్‌బాయ్ హోటలులో భోజనమడిగెను. యజమానురాలు ఆ వేషముతో కాఫీగదిలోనికి రానీయక, మగవారు మద్యము సేవించు గదికి పొమ్మనెను. సైకిలు యాత్రికుల సంఘమువారు ఆమె పక్షమున అభియోగము తెచ్చిరి. 1899లో కింగ్‌స్టన్ న్యాయస్థానమున విచారణ జరిగెను. గదిలేదనలేదు గదా, వేరొక గది చూపితిమి గదాయని ప్రతివాదుల వాదము. జూరీవారు హోటలు యజమానురాలు నిర్దోషియనిరి. షరాయి ఓడిపోయినది.

మన వైపున చీర కట్టిన స్త్రీలు సైకిలెక్కుట ఆలస్యమైనను ఒకచోట ఉప్పెనవలె సాగినది. తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990 దశకారంభమున, అక్షరాస్యతోద్యమముతో పాటు వేలకొలది గ్రామస్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడవారి బండ్లు చాలకున్నచో మగవారి బండ్లే ఎక్కిరి. అడ్డుకమ్మిపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని వానినే మెచ్చినవారును గలరు.

ఆకమ్ హోటలు కథ నేను చదివినది ఉద్యోగవిరమణానంతరము. చదువుచుండగా మా పాఠశాలలో 1994లో జరిగిన ఉపాధ్యాయుల సమావేశము జ్ఞప్తికి వచ్చినది. పొరుగూళ్లనుండి సైకిళ్లపై వచ్చు బాలికలు కొందరు, పరికిణీ ఓణీలకు మారుగా షల్వారు కమీజు తొడిగి వచ్చుటకు అనుమతి కోరిరి. వలదని మొట్టమొదట లేచి మాట్లాడినవాడను నేనే. సంప్రదాయమును గూర్చి అరగంట ప్రసంగించితిని. ఆ ఉదయమే నేను కుచ్చెళ్లు నడుమున దోపుకొని, పిక్కలు కనబడ నాలుగు మైళ్లు వచ్చితినన్న మాట నాకు తట్టలేదు. అనుమతి లభింపలేదు.

రెండు నెలలైన పిదప పదవతరగతి బాలిక యొకతె తండ్రి పాతసైకిలుపై వచ్చుచు కాలువగట్టున పడినది. పరికిణీ అంచు గొలుసులో చిక్కుకొన్నది, ముంజేయి విరిగినది. తండ్రి చదువు మాన్పించెను. నేను వారి ఇంటికి పోయి, చేయి కుదురుకొన్న పిదప పంపుమంటిని. "దాని చదువు అయినంతవరకు చాలు లెండి, పంతులుగారూ" అని ఆయన మంచినీళ్లిచ్చి పంపెను. దుస్తుల నియమమును గూర్చి నేనొక మాటయు అనలేదు.

మరుసటి సంవత్సరము ఆ నియమమును సడలింపుమని నేనే అడిగితిని; సడలించిరి. ఆ వర్షాకాలమున ఆ బాలిక తమ్ముడు మా పాఠశాలలో చేరెను. ఆ సైకిలుపైననే వచ్చుచుండెను. గొలుసునకు క్రొత్తగా కవరు బిగించియుండిరి.