ఎమర్జెన్సీ గడప మీద సుంకం

జబ్బు చేస్తే మా ఇళ్లల్లో ముందు లెక్కేసుకునేది పోయే కూలి. తెగించి ఆస్పత్రి దాకా పోతే 'ఇంత చిన్నదానికి ఎందుకొచ్చావ్' అని కసురుతారు. అందుకే అమెరికాలో 'అనవసరంగా' ఎమర్జెన్సీకి వచ్చే పేదల దగ్గర రుసుము వసూలు చేయటాన్ని మేము ఉత్త ఖజానా లెక్కగా చూడలేం. దాని వెనకాల నల్లవాళ్ల చరిత్ర ఉంది.

1946 నాటి హిల్-బర్టన్ చట్టం ఆస్పత్రులు కట్టటానికి ప్రభుత్వ సొమ్మిచ్చింది. 'వేరుగానైనా సమానంగా' అనే పేరుతో నల్లవాళ్లను విడిగా ఉంచటాన్నీ ఒప్పుకుంది. ఊరి బావి, వాడ బావి తెలిసిన మనకు ఆ 'సమానం' ఏపాటిదో విడమరిచి చెప్పక్కర్లేదు. గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్‌కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడు, తోటి డాక్టర్లు, రోగులు కోర్టుకెక్కితే 1963లో ఆ నిబంధన కూలింది. వేర్పాటు పాటిస్తే మెడికేర్ డబ్బు రాదని 1966లో తేలాకే చాలా ఆస్పత్రులు దారికొచ్చాయి.

రంగు అడ్డు తొలిగింది, డబ్బు అడ్డు మిగిలింది. వేరే ఆస్పత్రులు షికాగోలోని కుక్ కౌంటీ ప్రభుత్వాసుపత్రికి తరిమేసిన 467 మంది మీద 1986లో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్లలో 89 శాతం నల్లవాళ్లు, హిస్పానిక్‌లు. 87 శాతం మందిని పంపేసిన కారణం సరైన బీమా లేకపోవటం. ఆ ఏడే ఎంటాలా చట్టం వచ్చింది. మెడికేర్ సొమ్ము తినే ఆస్పత్రి, ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ల జేబు చూడకుండా పరీక్ష చేయాలి, ప్రమాదం ఉంటే గట్టెక్కించాలి అంది. బీమా లేని పేదోడికి హక్కుగా దక్కిన గడప దాదాపు అదొక్కటే.

మళ్లీ ఆ గడప దగ్గరే సుంకం. పేదల బీమా అయిన మెడికెయిడ్‌లో ఇట్లాంటి రుసుము పెట్టుకునే వీలును 2005 నాటి లోటు తగ్గింపు చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. ఇండియానా 2015 పథకంలో మొదటిసారికి 8 డాలర్లు, ఆ తర్వాత ప్రతిసారికీ 25 డాలర్లు అని రాసుకుంది.

'అత్యవసరం కాదు' అని తేల్చేదెవరు? ఛాతీ నొప్పి గుండెదో గ్యాసుదో డాక్టరు చూశాకే తెలుస్తుంది. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, మామూలు డాక్టరు దగ్గర తగ్గేవని చివరికి తేలిన కేసులు 6.3 శాతమే. కానీ ఆ రోగులు రాగానే చెప్పుకున్న బాధలనే మొత్తం కేసుల్లో 88.7 శాతం మందీ చెప్పుకున్నారు. డాక్టరు పరీక్షలు చేస్తే గానీ తేలనిదాన్ని పేదరాలు ఇంట్లో కూచుని తేల్చుకోవాలంట!

రుసుము పెడితే రద్దీ తగ్గుతుందన్నారు. తగ్గలేదని 2010, 2015 అధ్యయనాలు చెప్పాయి. ఎట్లా తగ్గుద్ది? పగలు పని మానితే కూలి పోయే మనిషికి రాత్రిపూట తెరిచుండే తలుపు అదే కదా.

బ్లాక్ పాంథర్లు 1970 ప్రాంతంలో తమ పేటల్లో ఉచిత వైద్యశాలలు నడిపారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లు వాళ్ల పేరే పెట్టుకున్నారు. ఆ పేరుతోపాటు ఆ పనినీ మనం గుర్తుంచుకోవాలి. రేపు ఎక్కడైనా ఆస్పత్రి చీటీకి ధర కడితే, ఎంత అని అడిగేముందు, మన బాధ 'అనవసరం' అని తేల్చిందెవరని అడగాలి.