తాండూరు కంది: పేరు దక్కింది, విత్తనం మాటేమిటి?

2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి కల్బుర్గి వాళ్లతో మనకు తగువే. వాళ్ల కందిపప్పుకు 2019లోనే ఆ గుర్తింపు దక్కింది కనుక అసలు వాళ్లదేనట, మనది నకలట. 1956 దాకా మన తాలూకా వాళ్ల గుల్బర్గా (ఇప్పటి కల్బుర్గి) జిల్లాలోదేనని మరిచారేమో! రాష్ట్రాల పునర్విభజనలో కొడంగల్‌తో పాటు ఇటొచ్చాం. ఆ తర్వాత రంగారెడ్డి అన్నారు, 2016లో వికారాబాద్ అన్నారు. యాలాల, బషీరాబాద్ రేగళ్లలో కంది మాత్రం ఏ జిల్లా వచ్చినా పండుతూనే ఉంది. ఒక్క జిల్లా పంటలో అసలేది, నకలేది?

నా పేచీ అసలు మనవాళ్లతోనే. మన కంది గురించి రాసిన ప్రతివారూ ఘనతంతా నేలకే కట్టబెట్టారు. లోతైన నల్లరేగడి, అందులో అట్టపుల్గైట్ బంకమన్ను, అడుగున సున్నపురాయి, అందుకే పప్పులో 22-24 శాతం మాంసకృత్తులు అని. నేల గొప్పదే, కాదనను. మరి అదే రేగడిలో ఇక్రిశాట్ వారి మారుతి, ఆశ రకాలు వేస్తే అవీ తాండూరు కందులే అయిపోతాయా? ఎండు తెగులుకు చేనంతా నిలువునా మాడిపోతుంటే రైతు వాటిని వేశాడు, తప్పు పట్టలేం. కానీ మిల్లులో అన్నీ ఒకే రాశి, అన్నిటికీ ఒకే పేరు.

నాటు కందికి గుర్తులు రాసిపెట్టాలి. పువ్వు పసుపా, రెక్క వెనక ఎర్ర చారలున్నాయా, పచ్చికాయ మీద ఊదా గీతలెన్ని, మొక్క గుబురా నిటారా, ఎన్నాళ్లకు పూత, నూరు గింజల తూకమెంత. ఇంకో చిక్కు, కందికి తేనెటీగలే పెద్ద దొంగలు. పక్క చేని పుప్పొడి మోసుకొచ్చి రకాన్ని కలిపేస్తాయి. అందుకే విత్తనపు మడి దూరంగా ఉండాలి, తేడా మొక్కలను పూతకు ముందే పీకేయాలి.

మనలాగే 1956లో బీదర్ నుంచి ఇటొచ్చిన జహీరాబాద్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల ఆడవాళ్లు ఊరూరా విత్తన బ్యాంకులు నడుపుతున్నారు. మనకేం తక్కువ? వ్యవసాయ పరిశోధన కేంద్రం ఊళ్లోనే ఉంది. రైతుల రకాలను రైతుల పేరనే నమోదు చేసుకునే హక్కు 2001 నాటి మొక్కల రకాల, రైతుల హక్కుల పరిరక్షణ చట్టం ఇచ్చింది. భౌగోళిక గుర్తింపు సంచి మీది పేరును కాపాడుతుందే గానీ సంచిలోని గింజను కాదు. ఏ ఊళ్లో ఎవరింట పాత విత్తనం మిగిలిందో ముందు జాబితా కట్టి, వచ్చే వానాకాలం విడిగా విత్తిద్దాం. కల్బుర్గితో తగువు తర్వాత చూసుకోవచ్చు.