సున్నం వేశారు, సుత్తి ఎత్తలేదు

వేల్స్‌లో బ్లాక్ మౌంటెన్స్ కొండల నడుమ, గ్రుయ్‌నే వౌర్ లోయ వాలు మీద పాట్రిషో చర్చి ఉంది. క్రిక్‌హవెల్ దాటి కొండల్లోకి వెళ్లేకొద్దీ దారి సన్నబడిపోతుంది. ఎదురుగా కారు వస్తే ఇద్దరిలో ఒకరు వెనక్కి పోవాల్సిందే. ఊరు అనడానికి చుట్టుపక్కల పెద్దగా ఇళ్లు కూడా లేవు. అయినా శిల్పకళ మీద మక్కువ ఉన్నవాళ్లు ఈ చిన్న రాతి చర్చిని వెతుక్కుంటూ వస్తారు. లోపలున్న కొయ్య తెర కోసం.

మధ్యయుగంలో జనం నిలబడే మండపానికీ, బలిపీఠం ఉన్న లోపలి భాగానికీ నడుమ ఇలా చెక్కతో తెర కట్టేవారు. దాని మీద మనిషి నడవగలిగేంత అటక. ఆ పైన సిలువ మీది క్రీస్తు, చెరోవైపు మరియ, యోహాను. పాట్రిషో తెర సుమారు 1500 నాటి ఓక్ పని. ఇప్పుడు రంగులేమీ లేవు, కలప కలపలాగే కనిపిస్తుంది. అటకను మోసే దూలం పొడవునా తీగలు, ఆకులు వరుసలు వరుసలుగా చెక్కారు. దూలం చివర ఒక రెక్కల డ్రాగన్ నోట తీగను కరచుకుని ఉంటుంది. మంచిని మింగజూసే చెడు అని పెద్దలు చెప్పే అర్థం. చూస్తే మాత్రం, ఆ వడ్రంగికి నీతి కన్నా ఆ తోక మెలికే ఎక్కువ ముద్దొచ్చినట్టుంది.

ఇలాంటి తెరలు ఒకప్పుడు చాలా చర్చిల్లో ఉండేవి. మతసంస్కరణ వచ్చాక వాటికి గడ్డుకాలం మొదలైంది. ఆరో ఎడ్వర్డ్ హయాంలో, 1550లో, రాతి బలిపీఠాలు తీసేసి కొయ్య బల్లలు వేయమన్నారు. 1561లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం, తెర ఉంటే ఉండనివ్వండి గానీ అటక దించేయండి అంది. దేశంలో చాలాచోట్ల దించేశారు. పాట్రిషోలో అటక ఇప్పటికీ ఉంది. తెర ముందు, నడిమి ద్వారానికి అటొకటి ఇటొకటి, రాతి బలిపీఠాలూ ఉన్నాయి.

ఊరు మారుమూల కాబట్టి అధికారుల కంట పడలేదని అందరూ అనేమాట. నాకది పూర్తిగా మింగుడుపడదు. ఎందుకంటే గోడలు వేరే సాక్ష్యం చెబుతున్నాయి. కొత్త పద్ధతి ప్రకారం బైబిలు వాక్యాలు, రాజచిహ్నం ఆ గోడల మీద రాయించారు. అటక మీది సిలువ బొమ్మ ఏనాడో పోయింది. అంటే ఆజ్ఞలు కొండెక్కి వచ్చాయి, ఊరివాళ్లు విన్నారు కూడా. సున్నం బొక్కెనతో అయ్యే పనులన్నీ చేశారు. గొడ్డలి, సుత్తి అవసరమైన పనుల్ని రేపు మాపు అంటూ నెట్టుకొచ్చారని నా అనుమానం.

సున్నానికి లొంగనిది ఒకటుంది. పడమటి గోడ మీద ఒక అస్థిపంజరం, చేతుల్లో కొడవలి, ఇసుక గడియారం. సమాధి తవ్వే పార కూడా. మృత్యువు బొమ్మ అది. రక్తంతో గీశారు కాబట్టే ఎన్నిసార్లు వెల్ల వేసినా పైకి తేలుతుందని ఒక కథ. ఎర్రమట్టి రంగుకు ఆ మొండితనం మామూలే. కథ మాత్రం భలే అతికింది.

చర్చి పుట్టుక ఇంకా వెనక్కి పోతుంది. ఇస్సుయి అనే సన్యాసి దిగువన ఊటబావి దగ్గర ఉండేవాడట. ఆశ్రయమిచ్చిన బాటసారే ఆయన్ను చంపేశాడట. తర్వాత ఆ నీళ్లతో కుష్ఠు నయమైన యాత్రికుడొకడు సంచెడు బంగారం ఇస్తే గుడి లేచిందంటారు. చర్చి పడమటి కొసన, వేరే వాకిలితో, ‘సమాధి గది’ అని పిలిచే చిన్న ప్రార్థనాలయం ఉంది. సన్యాసి అక్కడే ఉన్నాడని నమ్మకం. ఇదంతా ఐతిహ్యం. కాదనలేనిది బాప్తిస్మపు తొట్టి. పదకొండో శతాబ్దంది. అంచు చుట్టూ లాటిన్‌లో తొట్టే మాట్లాడుతుంది: గెనిల్లిన్ కాలంలో మెన్‌హిర్ నన్ను చేశాడు అని. రాజుల పేర్లు రాళ్ల మీద మిగలడం వింత కాదు. ఇక్కడ పనివాడి పేరు ముందొచ్చింది.

పక్క లోయలో లాన్‌బెడర్‌కు చెందిన బ్రూట్ కుటుంబపు శిల్పులు చెక్కిన స్మారక ఫలకాలూ గోడలకున్నాయి. దేవదూతల బుగ్గలు, పూలు, రంగులు, కాస్త పల్లెటూరి మోటుదనం. నాకు మహా నచ్చుతాయి. బయట దక్షిణపు గోడ వెంబడి రాతి అరుగు, ఎదురుగా సిలువ స్తంభం. 1188లో క్రూసేడు సైన్యానికి మనుషుల్ని కూడగట్టడానికి వేల్స్ అంతా తిరిగిన ఆర్చిబిషప్ బాల్డ్విన్ ఇక్కడే నిలబడి ప్రసంగించాడని స్థానికులు చెప్పుకుంటారు.

1908–09లో కారో అనే వాస్తుశిల్పి మరమ్మతులు చేశాడు. విక్టోరియా కాలంలో బాగుచేత పేరుతో పాత చర్చిల్ని కొత్తవాటిలా మార్చేసిన ధోరణి ఆయనకు అంటలేదు. పడేదాన్ని నిలబెట్టాడు, ఒరిగినదాన్ని ఒరిగినట్టే వదిలాడు. ఇప్పుడది గ్రేడ్ వన్ రక్షిత కట్టడం. ఆ అటక మీద ఒక్క మేకు కొట్టాలన్నా అనుమతి తెచ్చుకోవాలి.