వాతావరణ స్టేషన్ల పాత డేటా ఆటోమేటిక్‌గా డిలీట్ చేస్తున్నారా? ముందు ఎల్బీనగర్ వాన లెక్క చూడండి!

వానాకాలం వచ్చిందంటే చాలు.. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వాసులు ఫోన్ తీసి "ఇవాళ మన ఏరియాలో ఎన్ని సెంటీమీటర్లు పడింది?" అని వెతుకుతారు. ఆ నంబర్ వచ్చేది ఆటోమేటిక్ వాతావరణ స్టేషన్ల నుంచే. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ (టీజీడీపీఎస్)కి రాష్ట్రవ్యాప్తంగా ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. మరి ఈ రికార్డులన్నీ డేటాబేస్‌లో పేరుకుపోతే ఏం చేయాలి? పాతవి తీసేయొచ్చా? దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో డేటాబేస్ కోర్సు చేస్తున్నవాళ్లకి, సొంతంగా వెదర్ స్టేషన్ ప్రాజెక్ట్ కడుతున్న స్టూడెంట్స్‌కి పనికొచ్చే విషయమిది. ఒకసారి చూద్దాం.

డేటా ఎందుకంత పెరుగుతుంది?

ఒక స్టేషన్ 15 నిమిషాలకోసారి రీడింగ్ పంపుతుందనుకుందాం. రోజుకు 96 వరుసలు. ఏడాదికి 35,040. అలాంటి స్టేషన్లు వెయ్యి ఉంటే ఏడాదికి సుమారు 3.5 కోట్ల వరుసలు. కొన్నేళ్లకు వెతుకులాట నెమ్మదిస్తుంది, స్టోరేజ్ బిల్లు పెరుగుతుంది. అందుకే "ఇన్ని రోజులు దాటితే తీసేయ్" అని ఒక రూల్ పెడతారు. దీన్నే రిటెన్షన్ పాలసీ అంటారు.

ఆటోమేటిక్ డిలీట్ ఎలా పనిచేస్తుంది?

ఒక్కో డేటాబేస్‌ది ఒక్కో పద్ధతి.

• మైఎస్‌క్యూఎల్‌: ఈవెంట్ షెడ్యూలర్ ఉంటుంది. రోజూ ఫలానా టైమ్‌కి డిలీట్ కమాండ్ దానంతట అదే నడుస్తుంది. 8.0 వెర్షన్ నుంచి ఇది డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది.
• పోస్ట్‌గ్రెస్‌: నెలకో పార్టిషన్ చొప్పున టేబుల్‌ని విడగొడతారు. గడువు దాటిన నెలను మొత్తంగా తీసేస్తారు. కోట్ల వరుసలు ఒక్కొక్కటిగా డిలీట్ చేయడం కంటే ఇది చాలా వేగం.
• మోంగోడీబీ: టీటీఎల్ ఇండెక్స్ పెడితే చాలు. గడువు తీరిన రికార్డుల కోసం 60 సెకన్లకోసారి అదే చూసుకుంటుంది.
• లైనక్స్ సర్వర్‌: క్రాన్ జాబ్‌తో ఏ డేటాబేస్‌కైనా ఈ పని చేయించొచ్చు.

ఒక చిన్న విషయం. డిలీట్ కొట్టగానే డిస్క్ ఖాళీ అవుతుందనుకోవద్దు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో ఆ జాగా సాధారణంగా ఫైల్ లోపలే ఉండిపోతుంది, కొత్త రికార్డులకు వాడుకుంటుంది. అదే పార్టిషన్ మొత్తం తీసేస్తే వెంటనే ఖాళీ అవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే!

2020 అక్టోబర్ 13 గుర్తుందా? ఆ రోజు కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగింది. కోదండరాంనగర్ లాంటి కాలనీలు మునిగాయి. హయత్‌నగర్, హస్తినాపురం వైపు 25 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. 14 ఉదయానికి బేగంపేటలో 24 గంటల్లో 19.18 సెంటీమీటర్లు నమోదైంది. అక్టోబర్ నెలలో ఇదే కొత్త రికార్డు. పాత రికార్డు ఎప్పటిదో తెలుసా? 1903 అక్టోబర్ 6వ తేదీది, 11.71 సెంటీమీటర్లు. 117 ఏళ్ల కిందటి ఆ ఒక్క అంకె ఎవరో దాచి ఉంచబట్టే "ఇది రికార్డు వాన" అని చెప్పగలిగాం.

ఇంకో సంగతి గమనించండి. అదే రోజు బేగంపేటలో 19, హయత్‌నగర్ వైపు 25 పైన! అంటే బేగంపేట లెక్క ఒక్కటే ఉంటే ఎల్బీనగర్ కష్టం కాగితం మీదకే రాదు. రేపు నాలా ఎంత వెడల్పు కట్టాలి, ఏ కాలనీకి ముప్పు ఎక్కువ అని తేల్చాలంటే ఇక్కడి స్టేషన్ల పాత లెక్కలే ఆధారం. ప్రపంచ వాతావరణ సంస్థ కూడా ఒక ప్రాంతం సగటు వాతావరణాన్ని 30 ఏళ్ల డేటాతో లెక్కిస్తుంది. ఇప్పుడు వాడుకలో ఉన్నది 1991–2020 కాలం.

మరి ఏం తీసేయాలి? ఏం ఉంచాలి?

1. ముందు సారాంశం, తర్వాతే డిలీట్. రోజు మొత్తం వాన, గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు వేరే టేబుల్‌లో వేయాలి. 96 వరుసలు ఒక్కటవుతాయి. వెయ్యి స్టేషన్లకు ఏడాదికి 3.65 లక్షల వరుసలే. వీటిని ఎన్నేళ్లయినా ఉంచుకోవచ్చు.

2. గంటలో పడ్డ అత్యధిక వాన కూడా రాసుకోవాలి. రోజంతా కలిపి 10 సెంటీమీటర్లు పడటం వేరు, రెండు గంటల్లో పడటం వేరు. నాలా పొంగేది రెండో దానికే.

3. రోజు ఎప్పుడు మొదలవుతుందో చూసుకోవాలి. వాతావరణ శాఖ వాన లెక్క ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు. అర్ధరాత్రితో కట్ చేస్తే, రాత్రి 10కి మొదలై తెల్లవారుజామున 3కి ఆగిన వాన రెండు రోజులకు చీలిపోతుంది. పెద్ద వాన కాస్తా రెండు మామూలు వానల్లా కనిపిస్తుంది.

4. సర్వర్ టైమ్ చెక్ చేయాలి. చాలా సర్వర్లు యూటీసీలో ఉంటాయి. మనకంటే ఐదున్నర గంటలు వెనక. మన 8:30 అంటే అక్కడ 3:00.

5. కొన్ని స్టేషన్లు ఉదయం నుంచి పడ్డ మొత్తాన్ని కూడుకుంటూ పంపుతాయి. వాటిని మళ్లీ కూడితే లెక్క తప్పు. చివరి అంకె తీసుకుంటే సరిపోతుంది.

6. డిలీట్ కండిషన్‌తో ముందు ఎన్ని వరుసలు వస్తాయో లెక్క చూడాలి. తర్వాత కొంచెం కొంచెంగా తీయాలి. సారాంశం రాయడం ఫెయిలైతే డిలీట్ కూడా ఆగిపోయేలా జాబ్ రాయాలి.

7. భారీ వాన రోజుల ముడి రీడింగులు మాత్రం తీయొద్దు. కంప్రెస్ చేసి వేరే చోట దాచండి. ఏడాదికి అలాంటి రోజులు కొన్నే కాబట్టి పెద్దగా జాగా పట్టదు.

మామూలు రోజు 15 నిమిషాల రీడింగ్ పోయినా కొంప మునగదు. కానీ 2020 అక్టోబర్ 13 లాంటి రోజు లెక్క పోతే, ఈసారి వాన ఎంత పెద్దదో పోల్చి చెప్పే దారే ఉండదు. బ్యాకప్ లేకపోతే ఆ అంకె మళ్లీ రాదు. అందుకే ఆటోమేటిక్ డిలీట్ ఆన్ చేసే ముందు ఒక్కసారి ఆగి, సారాంశం టేబుల్ ఉందో లేదో చూసుకోండి.